జీవో వెనక చట్టం ఉందా? (సందేహాలు - సమాధానాలు)

కేంద్రం, రాష్ట్రం, కోర్టు: ఎవరి అధికారం ఎంతవరకు అన్న విషయం మీద సిద్దిపేట జిల్లా పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అడిగినవన్నీ ఇంటి ముందరి సంగతులే. వడ్ల కాంటా, పట్టా పాసుబుక్కు, రైలు, సర్పంచ్ ఎన్నిక, మల్లన్నసాగర్ జలాశయం కింద పోయిన భూమి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబు రాస్తున్నాను.

సందేహం: శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు మూడూ వేరువేరని మా పుస్తకంలో ఉంది. కానీ ముఖ్యమంత్రీ మంత్రులూ అసెంబ్లీలోనే కూర్చుంటారు. చట్టం చేసేదీ వాళ్లే, అమలు చేసేదీ వాళ్లే. మరి విభజన ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని, గజ్వేల్

సమాధానం: మీకు అనుమానం రావడం సహజం. మూడింటినీ పూర్తిగా విడదీసింది అమెరికా. అక్కడ అధ్యక్షుడు కాంగ్రెస్‌లో సభ్యుడు కాడు. సెనేటర్‌గా ఉన్నవారు మంత్రి కావాలంటే సీటు వదులుకోవాల్సిందే. మనం తీసుకున్నది బ్రిటన్ పద్ధతి. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం మంత్రిమండలి మొత్తం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ. సభ్యుడు కానివారిని మంత్రిగా తీసుకుంటే ఆరు నెలల్లో ఏదో ఒక సభకు రావాలి, లేకపోతే పదవి పోతుంది. అంటే మన దగ్గర మంత్రులు శాసనసభలో ఉండటం లోపం కాదు, నియమం. సభ నమ్మకం ఉన్నంతవరకే ప్రభుత్వం.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. సభలో సగం మందిని మంత్రులను చేస్తే ఇక ప్రభుత్వాన్ని అడిగేవారు ఎవరు? అందుకే 2003లో 91వ సవరణ తెచ్చి, మంత్రుల సంఖ్య సభ్యుల్లో 15 శాతం దాటకూడదన్నారు. 119 స్థానాలున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికి మించకపోవడానికి కారణం ఇదే. ఇంకో సంగతి పాఠ్యపుస్తకం చెప్పదు. ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్‌కు ఎదురు ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. దాంతో ప్రభుత్వాన్ని నిలదీసే శక్తి సభకు బాగా తగ్గిందని నా అభిప్రాయం.

మన దగ్గర గట్టి గోడ ఉన్నది న్యాయవ్యవస్థ వైపు. దీనికి తోడు రెండో గీత ఒకటుంది, అది ఢిల్లీకీ హైదరాబాద్‌కూ మధ్య గీసింది. 246వ అధికరణం, ఏడో షెడ్యూలు కలిసి విషయాలను కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచాయి. మొదట రాసినప్పుడు వాటిలో వరుసగా 97, 66, 47 అంశాలుండేవి. ఏ జాబితాలోనూ లేనిది కేంద్రానికి పోతుంది. 1976లో 42వ సవరణ విద్య, అడవులు వంటి ఐదు అంశాలను రాష్ట్రాల చేతిలోంచి తీసి ఉమ్మడి జాబితాలో వేసింది. పరీక్షకు మీరు మూడు శాఖల గురించే చదివినా, జీవితంలో ఎక్కువసార్లు తగిలేది ఈ రెండో గీతే.

సందేహం: మల్లన్నసాగర్ కింద మా ఊరు పోయింది. అప్పుడు 123 జీవోను హైకోర్టు కొట్టేసిందన్నారు. మళ్లీ కొన్నాళ్లకు చట్టమే మార్చి భూమి తీసుకున్నరు. కోర్టు కన్నా అసెంబ్లీ పెద్దదా? కోర్టు తీర్పుకు విలువేంది?
– తొగుట మండలం నుంచి ఒక నిర్వాసిత కుటుంబం

సమాధానం: అధికారాల విభజన గురించి తెలుగు నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

భూసేకరణ ఉమ్మడి జాబితాలో 42వ అంశం. పార్లమెంటూ చట్టం చేయొచ్చు, అసెంబ్లీ కూడా చేయొచ్చు. పార్లమెంటు 2013లో చేసిన చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలి, ప్రజల మాట వినాలి, నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. పల్లెల్లో మార్కెట్ విలువను రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో పెంచి, దానికి నూరు శాతం సొలేషియం (ఓదార్పు మొత్తం) కలిపి ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట మరొకటుంది. గుంట భూమి లేకపోయినా, ఆ భూముల మీద కూలి చేసుకునేవారూ కౌలుదార్లూ చేతివృత్తులవారూ అంతకుముందు మూడేళ్లుగా అక్కడే బతుకుతుంటే వారిది కూడా బాధిత కుటుంబమే. పునరావాసం వారి హక్కు.

ఈ దారి పొడుగైనదని రాష్ట్ర ప్రభుత్వం 2015 జులైలో 123 జీవో తెచ్చింది. ఇష్టపడి అమ్ముకునే రైతు దగ్గర జిల్లా కమిటీ ధర మాట్లాడి కొంటుంది, అంతే. 'ఎవరైనా భూమి కొనొచ్చు, ప్రభుత్వం కొంటే తప్పేముంది' అన్నది వాదన. రాజ్యాంగం 298వ అధికరణం ఆస్తి కొనే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చిన మాట నిజమే. అయితే రైతు భూమి అమ్ముకుంటే అతని చెలకలో కలుపు తీసే ఆమెకు ఏం మిగులుతుంది? ఆమె అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి ఆ జీవోలో ఆమె లేదు. ఉమ్మడి మెదక్ జిల్లా కూలీలు హైకోర్టుకు వెళ్లింది ఈ ప్రశ్నతోనే. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం భూమిలేని వారికి కూడా సాయం చేస్తామంటూ అదనపు ఉత్తర్వులు తెచ్చింది. దాంతో ధర్మాసనం ఆ తీర్పు అమలును నిలిపివేసింది. 2017 జనవరిలో అదే హైకోర్టు ఈ జీవో కింద భూమి తీసుకోవద్దని మళ్లీ ఆపింది.

ఇక్కడ 162వ అధికరణాన్ని గుర్తుంచుకోండి. రాష్ట్రం చట్టం చేయగల విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వొచ్చు. కానీ ఉమ్మడి జాబితా విషయమైతే ఆ అధికారం పార్లమెంటు చేసిన చట్టానికి లోబడే ఉంటుంది. జీవో అంటే కార్యదర్శి సంతకంతో వచ్చే ప్రభుత్వ ఉత్తర్వు. చట్టం ఇచ్చిన హక్కును అది తీసేయలేదు.

ఆ తర్వాత ప్రభుత్వం చేసింది మీరన్నట్టు చట్టాన్ని మార్చడమే. 2013 చట్టానికి తెలంగాణ వరకు సవరణ చేస్తూ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. అయితే హైదరాబాద్‌లో ఓటేసుకున్నంత మాత్రాన అది చెల్లదు. ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టంతో ఢీకొనే రాష్ట్ర చట్టం చెల్లదని 254వ అధికరణం చెబుతుంది. దానికి ఒకటే మినహాయింపు, రాష్ట్రపతి ఆమోదం. అందుకే ఆ బిల్లు ఢిల్లీకి వెళ్లింది. కేంద్రం చెప్పిన మార్పులతో 2017 ఏప్రిల్‌లో సభ మళ్లీ కూర్చుంది. ఆపైన రాష్ట్రపతి ఆమోదం వచ్చాకే అది చట్టమైంది.

కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: కోర్టు తీర్పును అసెంబ్లీ 'తప్పు' అని కొట్టేయలేదు. ఏ చట్టం ఆధారంగా తీర్పు వచ్చిందో ఆ చట్టాన్ని మాత్రం మార్చగలదు. మార్చిన చట్టాన్ని మళ్లీ కోర్టు పరీక్షించగలదు. ఎవరి మాటా చివరి మాట కాకుండా ఉండాలనే రాజ్యాంగం ఇట్లా రాశారు.

తీర్పుకు విలువ ఏమిటంటారా? కూలీల పేరు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కింది ఆ తీర్పు వల్లనే. అయినా మీ బాధ నాకు అర్థమవుతుంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు నీళ్ల కిందకు పోయాయి. జనం గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరారు. 50 టీఎంసీల జలాశయాన్ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. చట్టం ప్రకారం జరిగింది కాబట్టి న్యాయమే జరిగిందని నేను అనను. చట్టసభలో మీ తరఫున గట్టిగా మాట్లాడేవారు లేనప్పుడు కోర్టు చేయగలిగింది ఆపడం, ఆలస్యం చేయడం, దారి సరిచేయడం. ఊరిని నిలబెట్టడం కోర్టు చేతిలో లేదు.

పరిహారం ఇంకా అందనివారు ఒకటి చూసుకోండి: మీ భూమిని కొనుగోలు కింద తీసుకున్నారా, అవార్డు ప్రకటించి సేకరించారా? అవార్డు అయితే, చట్టం పెట్టిన గడువులోపల కలెక్టర్‌కు దరఖాస్తు ఇచ్చి, ఎక్కువ పరిహారం కోసం అథారిటీకి పంపమని అడగొచ్చు. భూమిలేని కుటుంబాలు మూడేళ్ల నివాసానికి రుజువుగా పాత ఉపాధి హామీ జాబ్‌కార్డు, రేషన్ కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి. ఊరే లేనప్పుడు ఊళ్లో ఉన్నామని చెప్పేవి ఆ కాగితాలే.

సందేహం: కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి రోజుల తరబడి కాంటా కోసం చూడాలె. కేంద్రం కొనదని ఒకరు, రాష్ట్రం కొనదని ఒకరు అంటరు. అసలు ఎవర్ని అడగాలె?
– రైతు, చిన్నకోడూరు

సమాధానం: ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకోవడానికి వీలుగా ఈ పని నిజంగానే పలు చేతుల్లో ఉంది. ఎవరి చేతిలో ఏముందో విడదీసి చూద్దాం.

వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. మార్కెట్లు కూడా రాష్ట్రానివే. ఆహార ధాన్యాల వ్యాపారం మాత్రం ఉమ్మడి జాబితాలో 33వది. మద్దతు ధర నిర్ణయించేది కేంద్ర మంత్రివర్గ సంఘం. 2025-26 సీజన్‌కు సాధారణ రకం వడ్లకు క్వింటాకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. తేమ 17 శాతం దాటకూడదన్న నాణ్యతా ప్రమాణం కూడా ఢిల్లీలో పెట్టిందే. సన్న వడ్లకు ఇస్తామన్న 500 రూపాయల బోనస్ రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం, రాష్ట్ర ఖజానా నుంచే రావాలి. బోనస్ రాలేదని ఎంపీని అడిగితే ప్రయోజనం లేదు. మద్దతు ధర చాలదని ఎమ్మెల్యేను అడిగినా అంతే.

ఇప్పుడు మీ కుప్ప దగ్గరికి వద్దాం. కొనుగోలు కేంద్రం నడిపేది ఐకేపీ మహిళా సంఘమో ప్రాథమిక సహకార సంఘమో అయి ఉంటుంది. మొదటిదైతే జిల్లా గ్రామీణాభివృద్ధి శాఖ, రెండోదైతే జిల్లా సహకార శాఖ చూస్తాయి. గోనె సంచులు, లారీలు, డబ్బు చెల్లింపు పౌర సరఫరాల సంస్థ బాధ్యత. ఏ కేంద్రం వడ్లు ఏ మిల్లుకు పోవాలో కేటాయించేది జిల్లా యంత్రాంగం. కాంటా అయి, లారీ మిల్లుకు చేరి, ట్రక్ షీట్ కంప్యూటర్లోకి ఎక్కితే గానీ డబ్బు కదలదు. ఆలస్యం ఎక్కువగా జరిగేది ఇక్కడే. కాబట్టి కాంటా, సంచులు, లారీ, మిల్లులో తరుగు అన్నీ కలెక్టరేట్‌లో తేలాల్సినవి. సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇవ్వండి. కేంద్రం పేరు, టోకెన్ నంబరు, తేమ చూసిన తేదీ రాయండి.

తూకంలో మోసం అనుమానముంటే అది ఇంకో దారి. తూనికలు కొలతల అంశం 1976 దాకా రాష్ట్రానిది, ఇప్పుడు ఉమ్మడి జాబితాలో ఉంది. పార్లమెంటు 2009లో చేసిన చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వ తూనికల శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి కాంటా పరీక్షిస్తారు. చట్టం ఢిల్లీది, అధికారి రాష్ట్రం మనిషి. మన దేశంలో కేంద్ర చట్టాల్లో చాలావాటి అమలు ఇట్లాగే ఉంటుంది. అమెరికాలో కేంద్ర చట్టాలకు ఎక్కువగా కేంద్ర ఉద్యోగులే ఉంటారు, మన దగ్గర రాష్ట్ర యంత్రాంగమే అమలు చేస్తుంది.

'కొనం' అన్న మాట 2021-22లో వచ్చింది. యాసంగి వడ్లు ఎండకు మిల్లులో విరిగి నూక ఎక్కువవుతాయి కాబట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ బియ్యం ఇక తీసుకోమని కేంద్రం చెప్పింది. రాష్ట్రం పచ్చి బియ్యం ఇవ్వలేమంది. వరి వేయొద్దన్నంత దాకా పోయింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో దీక్ష చేసి, మరునాడు రాష్ట్రమే వడ్లు కొంటుందని ప్రకటించారు. ఆ తగవులో నన్ను బాధించింది ఒకటే. రెండు ప్రభుత్వాలూ రాజ్యాంగం ప్రకారం తమ పరిధి ఏమిటో చక్కగా చెప్పాయి. నారు పోసే ముందు చెప్పాల్సిన సంగతి కోతల సమయానికి కూడా తేలలేదు. పరిధులు ఉన్నది పని పంచుకోవడానికి, రైతును మధ్యలో నిలబెట్టడానికి కాదు.

సందేహం: సిద్దిపేటకు రైలు తెచ్చింది ఎవరు? రెండు పార్టీలవాళ్లూ మేమేనంటున్నారు. రాజీవ్ రహదారి మీద గుంతలు పడితే కేంద్రాన్ని అడగాలా?
– వ్యాపారి, సిద్దిపేట

సమాధానం: రైల్వే కేంద్ర జాబితాలో 22వ అంశం, ఆ మేరకు రైలు కేంద్రానిదే. అయితే మనోహరాబాద్ - కొత్తపల్లి మార్గం, 151 కిలోమీటర్లు, కేంద్రం ఒక్కటే కట్టింది కాదు. ఖర్చులో మూడో వంతు, దాంతోపాటు భూమి రాష్ట్రం ఇవ్వాలన్నది ఒప్పందం. 2016 ఆగస్టులో గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట - సికింద్రాబాద్ రైలు మొదలైంది. పట్టాలు వేసింది రైల్వే, ఆ పట్టాల కింది భూమిని సేకరించింది మన రెవెన్యూ శాఖ. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా రైలు వచ్చేది కాదు. రాజ్యాంగం రాయని ఇటువంటి ఒప్పందాల మీదనే సమాఖ్య సగం నడుస్తుంది.

ఇంకో ఉపయోగపడే సంగతి. రైల్లో మీ సంచి పోతే ఫిర్యాదు ఇవ్వాల్సింది రైల్వే ప్రభుత్వ పోలీసులకు, వారు తెలంగాణ పోలీసులే. రాష్ట్ర జాబితా రెండో అంశంలో 'రైల్వే పోలీసు సహా' అని రాసి ఉంది. కేంద్రానిదైన రైల్వే రక్షణ దళం ముఖ్యంగా రైల్వే ఆస్తికి కాపలా.

రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి నంబర్ 1. అది రాష్ట్రం బాధ్యత. మెదక్ - సిద్దిపేట - ఎల్కతుర్తి దారి జాతీయ రహదారి 765డీజీ. దాని డబ్బు కేంద్రానిది. గుంత పడ్డ చోట కిలోమీటరు రాయి మీద ఏ నంబరుందో చూసి రాస్తే ఉత్తరం సరైన చోటికి చేరుతుంది.

సందేహం: మాది హుస్నాబాద్. కలెక్టర్ సిద్దిపేటలో, ఎంపీ కరీంనగర్‌కు. మా పక్క చేర్యాలవాళ్ల ఎంపీ భువనగిరి. ఇదేం లెక్క?

సమాధానం: జిల్లా గీత రాష్ట్రం గీసింది, 2016 అక్టోబర్ 11న. నియోజకవర్గాల గీత పార్లమెంటు చట్టం కింద డీలిమిటేషన్ కమిషన్ 2008లో ఖరారు చేసింది. రెండూ వేర్వేరు అధికారాలు కాబట్టి కలవలేదు. హుస్నాబాద్ కరీంనగర్ లోక్‌సభ స్థానంలోనే ఉంది. చేర్యాల జనగామ అసెంబ్లీ స్థానంతో పాటు భువనగిరికి పోయింది. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక మెదక్‌లో ఉన్నాయి. దీంతో జిల్లా సమస్యకు ముగ్గురు ఎంపీలు జవాబుదారీ. ఎవరూ పట్టించుకోకపోవడానికి అది సాకు కాకూడదు.

సందేహం: అన్నదమ్ముల భూమి గొడవలో తహసీల్దార్ నా పేరు మీద పాసుబుక్కు ఇచ్చారు. ఇక భూమి నాదే కదా? మా తమ్ముడు కోర్టుకు పోతానంటున్నాడు.
– చేర్యాల

సమాధానం: పోవచ్చు. తహసీల్దార్ ప్రభుత్వ అధికారి, రికార్డు రాస్తారు. ఎవరిది హక్కు అని తేల్చే పని సివిల్ కోర్టుది. రికార్డులో పేరు ఎక్కడం హక్కుకు ఒక ఆధారం మాత్రమే, హక్కును అదే పుట్టించదు. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం మళ్లీ అప్పీలు దారులు తెరిచింది. రికార్డులో తప్పుంటే ముందు అక్కడ చూసుకోవచ్చు. వాటా తగవు మాత్రం కోర్టుదే. మీ ఇద్దరూ ఊరి పెద్దల సమక్షంలో పంపకం రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే అందరికన్నా మేలు. కోర్టులో ఏళ్లు పడుతుంది.

మీలాంటి ఇంకొకరు, జిల్లా జడ్జి కలెక్టర్ కింద పనిచేస్తారా అని అడిగారు. చేయరు. జిల్లా జడ్జిని గవర్నర్ నియమించేది హైకోర్టుతో సంప్రదించాకే. బదిలీ, క్రమశిక్షణ హైకోర్టు చేతిలో ఉంటాయి, 235వ అధికరణం ప్రకారం. జీతం రాష్ట్ర బడ్జెట్ నుంచి వచ్చినా పెత్తనం రాదు. సిద్దిపేటకు సొంత జిల్లా న్యాయస్థానం 2022 జూన్ 2న వచ్చింది. అంతకుముందు ఉమ్మడి మెదక్ జిల్లా ప్రధాన కోర్టు సంగారెడ్డిలో ఉండేది.

సందేహం: బీసీలకు 42 శాతం అని అసెంబ్లీలో అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయి. అయినా సర్పంచ్ ఎన్నికల్లో అమలు కాలేదు. అందరూ ఒప్పుకున్నాక ఆపింది ఎవరు?
– కోహెడ నుంచి ఒక యువకుడు

సమాధానం: 123 జీవో కథే ఇక్కడ మళ్లీ కనబడుతుంది. 2025 మార్చిలో శాసనసభ బిల్లులు ఆమోదించింది. అవి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి ఆగాయి. ఎన్నికల గడువు ముంచుకొస్తుంటే ప్రభుత్వం సెప్టెంబర్ 26న 9వ నంబర్ జీవో ఇచ్చింది. స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లోనే చెప్పి ఉంది. అక్టోబర్ 9న హైకోర్టు జీవోను నిలిపేసింది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. చివరకు డిసెంబర్‌లో మూడు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికలు పాత పరిమితిలోనే జరిగాయి.

జనాభాలో ఎక్కువ ఉన్నవారికి పదవుల్లో వాటా రావాలన్న కోరిక న్యాయమైనదని నేను నమ్ముతాను. అందుకే ఇంత ముఖ్యమైన దాన్ని జీవో మీద నిలబెట్టడం నాకు నచ్చలేదు. తమిళనాడు 69 శాతానికి 1993లో చట్టం చేసింది, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది, 1994లో 76వ రాజ్యాంగ సవరణతో తొమ్మిదో షెడ్యూలులో వేయించుకుంది. అది విద్య, ఉద్యోగాల సంగతి, పైగా రాజకీయంగా వాళ్లకు అప్పట్లో ఢిల్లీ కలిసొచ్చింది. అయినా దారి మాత్రం అదే.

గవర్నర్ ఎంతకాలం ఆపొచ్చని కూడా మీరు అడిగారు. 200వ అధికరణం ప్రకారం గవర్నర్ ఆమోదించవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతికి పంపవచ్చు. పెండింగ్ బిల్లుల మీద తెలంగాణ ప్రభుత్వమే 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'వీలైనంత త్వరగా' అన్న మాటను గవర్నర్లు మనసులో పెట్టుకోవాలని కోర్టు అంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబర్ 20న అయిదుగురు జడ్జీల ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా, కోర్టులు గడువు విధించలేవనీ, గడువు దాటితే ఆమోదం వచ్చినట్టే అనలేమనీ చెప్పింది. కారణం లేకుండా అట్టే పెట్టుకుంటే మాత్రం నిర్ణయం తీసుకొమ్మని కోర్టు చెప్పగలదు. ఎన్నికైన సభ చేసిన బిల్లు ఎన్నిక కాని ఒకరి బల్ల మీద నెలలు పడి ఉండటం రాజ్యాంగంలో మిగిలిపోయిన పెద్ద వెలితి అని నా అభిప్రాయం. దాన్ని పూడ్చాల్సింది పార్లమెంటే.

సందేహం: సర్పంచ్‌లు లేని రోజుల్లో మా ఊరికి వీధి దీపాల డబ్బు కూడా రాలేదు. గ్రామ పంచాయతీ కూడా ప్రభుత్వమేనంటారు, నిజమేనా?
– మాజీ వార్డు సభ్యురాలు, దుబ్బాక మండలం

సమాధానం: పేరుకు ప్రభుత్వమే. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీకి రాజ్యాంగ హోదా ఇచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 విషయాలు రాసింది. కానీ 243జీ అధికరణం వాటిని రాష్ట్రం 'ఇవ్వవచ్చు' అన్నది, ఇచ్చి తీరాలని చెప్పలేదు. అందుకే బడి, ఆస్పత్రి, సాగునీరు కాగితం మీద పంచాయతీవి, చేతల్లో శాఖలవి.

తప్పనిసరిగా చెప్పింది ఒకటుంది. అయిదేళ్లు నిండేలోపు ఎన్నిక జరగాలి, అది 243ఇ. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటు ఇవ్వాలన్నది షరతు. మీ వీధి దీపం ఆరిపోయింది అందువల్ల. అసెంబ్లీ గడువు ముగిస్తే ఇట్లా రెండేళ్లు ఊరుకుంటారా? పల్లెకు ఒక నీతి, రాజధానికి ఒక నీతి అని మీరు రాసిన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సందేహం: తెలంగాణను పార్లమెంటు ఇచ్చింది. మళ్లీ పార్లమెంటే తీసేయగలదా?
– నంగునూరు

సమాధానం: చట్టపరంగా మూడో అధికరణం పార్లమెంటుకు ఆ శక్తి ఇచ్చింది. రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలన్న నియమం లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అమెరికాలో అయితే ఆ రాష్ట్ర సభ ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని విడదీయలేరు. ఆ నియమమే ఇక్కడుంటే తెలంగాణ వచ్చేది కాదు. మనకు మేలు చేసిన ఆ అధికరణమే రాష్ట్రాల ఉనికిని ఢిల్లీ చేతిలో పెట్టింది, రెండూ నిజమే. అయితే 2009 నవంబర్ 29న ప్రత్యేక రాష్ట్రం కోసం సిద్దిపేటలో తలపెట్టిన దీక్షను పోలీసులు దారిలోనే అడ్డుకున్నాక ఈ నేల ఎట్లా కదిలిందో చూసినవారెవరూ ఆ మూడో అధికరణాన్ని తెలంగాణ మీద తిరగేసి వాడే సాహసం చేయరు.

సందేహం: ఏ పని ఎవరిదో తెలియనివాళ్లం అర్జీ ఎవరికి పెట్టాలి?
– రాయపోల్, జగదేవ్‌పూర్ నుంచి ఇద్దరు

సమాధానం: సమాచార హక్కు చట్టం, 2005 వాడండి. తెల్లకాగితం మీద తెలుగులో రాయొచ్చు. 'ఈ పని ఏ చట్టం, ఏ జీవో కింద చేశారు, వాటి నకలు ఇవ్వండి' అని అడగండి. ఆ సమాచారం వేరే కార్యాలయం దగ్గరుంటే, ఆరో సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం అయిదు రోజుల్లో వారే అక్కడికి పంపి, పంపినట్టు మీకు తెలియజేయాలి. 'మాది కాదు' అని కాగితం తిరిగి మీ చేతిలో పెట్టడానికి వీల్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, కార్డు నకలు జత చేయండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం, దాని మీద తేదీ, ముద్ర పడిందా లేదా చూసుకోవడం మరవొద్దు.